రాఫిల్స్ దీపం నుంచి హార్స్‌బర్గ్ దాకా

రాత్రి పన్నెండు దాటింది. నల్ల కర్టెన్ తప్పించుకుని ఓడ బ్రిడ్జిలోకి అడుగు పెడతావు. మొదట ఏమీ కనపడదు. ఎవరి భుజమో తగులుతుంది. "సారీ సార్" అంటావు. ఎవరూ పలకరు. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా గోడ పట్టుకుని కదలకుండా నిలబడమని డెక్ సిబ్బందికి పెద్ద, బోసన్, ముందే చెప్పాడు. కాసేపటికి ఆకారాలు తేలతాయి. కిటికీ దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని కెప్టెన్. రాడార్ మీదికి వంగిన సెకండ్ మేట్. నడిమధ్యలో చుక్కాని పట్టుకుని, శ్రీకాకుళం జిల్లా కవిటి నుంచి వచ్చిన ఏబీ, అంటే అనుభవమున్న నావికుడు.

నువ్వు డెక్ క్యాడెట్‌వి. సింగపూర్ జలసంధి చూడటం ఇదే మొదలు. ఓడ విశాఖ ఔటర్ హార్బర్‌లో బైలాడిల్లా ఇనప ఖనిజం ఎత్తుకుని జపాన్ వైపు బయల్దేరింది. బంగాళాఖాతం దాటడానికి నాలుగైదు రోజులు పట్టింది. ఆ రోజుల్లో వాచ్ మొత్తానికి రెండు మూడు ఓడలు కనిపిస్తే గొప్ప. ఇప్పుడు కిటికీలోంచి చూస్తే దీపాలు లెక్కపెట్టే వీల్లేదు. మలక్కా, సింగపూర్ జలసంధుల గుండా ఏడాదికి 80 వేలకు పైగా ఓడలు పోతాయి. వాటిలో చాలా భాగం ఈ రాత్రే ఇక్కడికి వచ్చినట్టుంది నీకు.

"ఏటి బాబూ, దీపావళి సూస్తన్నావా?" అంటాడు ఏబీ, దిక్సూచి మీంచి కళ్ళు తిప్పకుండానే.

నీ పని బెల్ బుక్ రాయడం. ఏ నిమిషంలో ఏ దీపస్తంభం పక్కకి వచ్చింది, ఇంజన్‌కి ఏ ఆర్డర్ ఇచ్చారు, రేడియోలో ఎవరితో ఏం మాట్లాడారు, అన్నీ టైముతో సహా. మధ్యమధ్యలో బైనాక్యులర్స్‌తో వింగ్ మీదికి, అంటే బ్రిడ్జి పక్కన బయటికి చొచ్చుకొచ్చిన అరుగు మీదికి, వెళ్ళి చూడటం.

వింగ్ మీద నిలబడి కిందికి చూస్తే ఓడ ఎంతటిదో అప్పుడు అర్థమవుతుంది. పొడుగు 290 మీటర్లు, వెడల్పు 45. నీళ్ళ కింద మునిగిన భాగమే పదహారున్నర మీటర్లు. ముందరి కొసకి అవతల సముద్రంలో కొంత మేర బ్రిడ్జి నుంచి అసలు కనపడదు. ఆ చాటు ఓడ పొడవుకి రెండింతలో 500 మీటర్లో, ఏది తక్కువైతే దానికి మించకూడదని అంతర్జాతీయ నిబంధన. అంటే 500 మీటర్ల దాకా కనపడకపోయినా చట్టం ఒప్పుకుంటుంది. అంత మేరలో చిన్న పడవ ఉంటే కెప్టెన్‌కి కనపడదు, పడవవాడికి మాత్రం కొండలాంటి నల్లటి గోడ కనిపిస్తుంది. ఇంజన్ పూర్తి వెనక్కి వేసినా ఈ ఓడ ఆగేసరికి రెండు కిలోమీటర్లకు తక్కువ పోదు.

సెకండ్ మేట్ రేడియో అందుకుంటాడు. చానల్ 73. ఒడ్డు నుంచి ఓడల రాకపోకల్ని కనిపెట్టే సింగపూర్ వీటీఐఎస్‌ని పిలుస్తాడు. ఓడ పేరు, కాల్‌సైన్, ఉన్న చోటు, డ్రాఫ్టు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి. 1998 డిసెంబరు 1 నుంచి ఇక్కడ ఈ రిపోర్టు తప్పనిసరి. 300 టన్నులు దాటిన ఓడలు, 50 మీటర్లు మించినవి, ప్రమాదకర సరుకు మోసేవి, అన్నీ చెప్పుకునే పోవాలి. జలసంధి మొత్తాన్ని తొమ్మిది సెక్టార్లు చేశారు. మొదటి అయిదూ మలేసియాలోని క్లాంగ్ చూస్తుంది, ఆరోది జొహోర్, చివరి మూడూ సింగపూర్.

అటు నుంచి ఓ ఆడగొంతు తొందర లేకుండా జవాబిస్తుంది. ముందు మూడు మైళ్ళలో నెమ్మదిగా పోతున్న టగ్గు, వెనక బార్జి, జాగ్రత్త అంటుంది. ఆ మాటకి ముందు "ఇన్ఫర్మేషన్" అన్న పదం విడిగా పలుకుతుంది. సమాచారమా, సలహానా, హెచ్చరికా, ఆదేశమా, వాక్యం మొదట్లోనే చెప్పెయ్యాలని వాళ్ళకి నియమం. సగం ప్రపంచం విరిగిన ఇంగ్లిష్‌లో మాట్లాడే ఈ సముద్రంలో అది చాలా తెలివైన ఏర్పాటని నా అభిప్రాయం. మిగతా వాక్యం అర్థం కాకపోయినా, వచ్చినది హెచ్చరిక అని మాత్రం తెలిసిపోతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఒడ్డున ఉన్న ఆ గొంతు విమానాలని నడిపే కంట్రోలర్ లాంటిది కాదు. రాడార్‌లో అందరినీ చూస్తుంది, ఎవరు ఎటు పోతున్నారో చెబుతుంది, ప్రమాదం కనిపిస్తే గట్టిగా హెచ్చరిస్తుంది. చుక్కాని ఎంత తిప్పాలో మాత్రం చెప్పదు. ఆ నిర్ణయం కెప్టెన్‌ది, దానికి జైలుకి పోవాల్సొస్తే పోయేదీ కెప్టెనే.

కెప్టెన్ నిన్ను ఎలక్ట్రానిక్ చార్టు దగ్గరికి పిలుస్తాడు. మలయాళీ, మాట తక్కువ. తెర మీద రెండు దారులు, మధ్యలో వంగపండు రంగు పట్టీ. తూర్పుకి పోయేవి దక్షిణం దారిలో, పడమటికి పోయేవి ఉత్తరం దారిలో, సింగపూర్ వైపుగా. "బయట ఆ పట్టీ చూపించు" అంటాడు. చూపించడానికి ఏముంది, నల్లటి నీళ్ళు. అక్కడక్కడా ఓ బోయా.

ఈ గీతలు మొదట గీసింది ఇక్కడ కాదు, ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య డోవర్ జలసంధిలో, 1967లో. అప్పుడవి పాటిస్తే మంచిదన్నారు, అంతే. 1971 జనవరిలో టెక్సాకో కరీబియన్ అనే ట్యాంకర్ అక్కడ ఇంకో ఓడని ఢీకొని పేలి మునిగింది. మర్నాడే ఆ మునిగిన ఓడకి బ్రాండెన్‌బర్గ్ తగిలి మునిగింది. ఫిబ్రవరి చివర్లో నికీ అనే మూడో ఓడ అదే చోట తగిలింది, అందులో ఒక్కరూ మిగల్లేదు. అప్పటికే అక్కడ దీపాల ఓడా బోయాలూ పెట్టారు, అయినా తగిలింది. ఆ తర్వాత గానీ గీతలు చట్టం కాలేదు. ఓడలు ఢీకొనకుండా 1977లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ నిబంధనల్లో పదోది వీటి గురించే. సింగపూర్ జలసంధిలో ఈ దారులు 1981 మే 1 నుంచి నడుస్తున్నాయి.

ఫిలిప్ చానల్. జలసంధి మొత్తంలో ఇదే ఇరుకు, 2.8 కిలోమీటర్లు. రెండు వైపులా దీవులు, దిబ్బలు. డెక్ మీద లైట్లన్నీ వెలుగుతున్నాయి, ఓడ వెనక భాగంలో నీళ్ళ గొట్టాలు విప్పి పంపు ఆన్ చేసి ఉంచారు. చిన్న పడవల్లో వచ్చి కొక్కేలు వేసి ఎక్కే దొంగలకి నెమ్మదిగా పోయే బరువైన ఓడలే ఇష్టం. ఇద్దరు వాకీటాకీలతో అక్కడ కాపలా. సెల్‌ఫోన్లన్నీ కెప్టెన్ సాయంత్రమే తీసుకుని డ్రాయర్‌లో పెట్టాడు. చుట్టూ మూడు దేశాల సిగ్నల్ పుష్కలంగా ఉంది, ఆ డ్రాయర్‌లోంచి వరసగా బుర్రుబుర్రుమని వినిపిస్తోంది.

ఎకో సౌండర్ అంకె చదవమంటాడు కెప్టెన్. చదువుతావు. మళ్ళీ చదవమంటాడు. పదిహేను మీటర్లకు మించి మునిగే ఓడలు ఇక్కడ లోతైన దారిలోనే పోవాలి, అడుగున ఎప్పుడూ మూడున్నర మీటర్ల నీళ్ళుండాలి, వేగం 12 నాట్లు దాటకూడదు. వేగం మీద పరిమితి ఎందుకంటే లోతు తక్కువైన చోట ఓడ పరిగెత్తేకొద్దీ ఇంకా దిగబడుతుంది. ఓడ కింద పారే నీటి వేగం పెరిగి ఒత్తిడి తగ్గి ఓడని అడుగుకి లాగుతుంది. స్క్వాట్ అంటారు దాన్ని. తీరిగ్గా విశాఖలో వేసిన లెక్క వేరు, పోటు ఎంతుందో చూసుకుని ఈ రాత్రికి వేసుకున్న లెక్క వేరు. కెప్టెన్ జేబులో ఆ కాగితం ఉంది. ఇప్పటికి నాలుగుసార్లు తీసి చూశాడు.

02:40కి రాఫిల్స్ దీపం పక్కకి వస్తుంది. 1855 నాటిది. బెల్ బుక్‌లో రాస్తావు. కొంచెం ముందుకి పోతే బఫెలో రాక్. 1975 జనవరిలో షోవా మారు అనే జపాన్ ట్యాంకర్ అడుగు తగిలి వేల టన్నుల ముడి చమురు వదిలింది ఇక్కడే. ఈ చుట్టుపక్కలే 1997 అక్టోబరు 15 రాత్రి ఎవోయికోస్, ఒరాపిన్ గ్లోబల్ అనే రెండు ట్యాంకర్లు ఢీకొన్నాయి. ఇరవై ఎనిమిది వేల టన్నులకు పైగా నల్లటి నూనె నీళ్ళల్లో కలిసింది. సింగపూర్ చరిత్రలో అంత పెద్ద చమురు ప్రమాదం లేదు. గాలివాన లేదు, రాడార్ పాడవలేదు, ఒడ్డు నుంచి హెచ్చరిక కూడా వెళ్ళింది. కెప్టెన్లు ఇద్దరూ జైలుకి పోయారు.

చానల్ 14కి మార్చుకుంటారు. కెప్టెన్ కాఫీ కప్పు కింద పెట్టేస్తాడు. అసలు గండం ఈ ముందున్న మైళ్ళలోనే. దారి దారిగా ఉన్నంతసేపూ ఎవరి వరసలో వాళ్ళు పోతారు. కానీ సింగపూర్ రేవులోంచి బయటికొచ్చి తూర్పుకి పోవాల్సిన ఓడ ముందు పడమటి దారిని అడ్డంగా దాటాలి, అప్పుడు గానీ మన దారిలో కలవలేదు. హైవేకి అడ్డంపడి అవతలి రోడ్డెక్కే లారీ సంగతే ఇది, బ్రేకుల్లేని లారీ. అలా దాటే ఓడలు రాత్రిపూట నిలువుగా మూడు ఆకుపచ్చ దీపాలు పెట్టుకోవాలని 2011 నుంచి ఒక పద్ధతి. మన మాస్టు మీద నిలువుగా మూడు ఎర్ర దీపాలున్నాయి. లోతు వల్ల పక్కకి తప్పుకోలేను అని వాటి అర్థం.

03:14. ఎడమవైపు ముందు నుంచి మూడు ఆకుపచ్చలు. వాటి కింద, పక్కగా ఇంకో ఆకుపచ్చ. అది ఓడ కుడి పక్క దీపం. అంటే దాని కుడి పక్కని మనం చూస్తున్నాం, అది మనకి అడ్డంగా దక్షిణానికి వస్తోంది.

"దూరం మూడు మైళ్ళు, బేరింగ్ సున్నా రెండు నాలుగు" అంటాడు సెకండ్ మేట్. "పన్నెండు నిమిషాల్లో ఒక కేబుల్ దూరంలో."

బేరింగ్ అంటే అది మన నుంచి ఏ దిక్కున ఉందో చెప్పే డిగ్రీలు. ఒక కేబుల్ అంటే 185 మీటర్లు. మన పొడవు కన్నా తక్కువ.

"బాబూ, ఇలా రా" అని ఏబీ మెల్లగా పిలుస్తాడు. "ఆ లైట్లు కిటికీ బద్ద మీదకొచ్చేలాగ నిలబడు. తల కదపకు. ఉన్నాయా? ఇప్పుడు ఊరుకో." నిలబడతావు. దాని వెనక ఊరి వెలుతురు నెమ్మదిగా జరుగుతోంది. మూడు దీపాలూ మాత్రం బద్ద మీదే ఉన్నాయి. ఒక నిమిషం. రెండు. "కదల్లేదు గదా. అలాగుంటే మనమీదికే వస్తందన్నమాట. మా అయ్య తెప్ప మీద ఇలాగే సూసేవోడు, ఓడ పొగ గొట్టాన్ని తెరసాప కర్రకి పెట్టి." నిబంధనల పుస్తకం ఏడో నియమం కూడా ఇదే చెబుతుంది: బేరింగ్ మారకుండా దూరం తగ్గుతుంటే ఢీకొనే ప్రమాదం ఉన్నట్టే లెక్క.

03:17. బేరింగ్ 024.

సెకండ్ మేట్ చెయ్యి రేడియో మీదికి పోతుంది. "పిలవనా సార్?"

"పిలిచి?"

"వెనక నుంచి పొమ్మని..."

"ఎవరికి చెబుతున్నావో ఎట్లా తెలుస్తుంది? ఆ దీపాల్లో ఏ దీపం నీకు జవాబిస్తుందో తెలుసా? ఒకడు సరే అంటాడు, తిప్పేది ఇంకొకడు. అడిగి, విని, మళ్ళీ అడిగేసరికి రెండు నిమిషాలు పోతాయి."

ప్రతి ఓడా తన పేరూ చోటూ ప్రసారం చేసే ఏఐఎస్ ఉంది, తెర మీద ఓడల పేర్లు చూపిస్తుంది కదా అని నీకు అనిపిస్తుంది. పెద్దవాళ్ళు ఇప్పటికీ దాన్ని పూర్తిగా నమ్మరు, నమ్మకపోవడమే నయం. రేడియోలో కుదిరిందనుకున్న ఒప్పందాల మీద ఢీకొన్న ఓడలు తక్కువేం కాదు. నిబంధనల్లో రేడియో బేరానికి చోటు లేదు, ఎవరు తప్పుకోవాలో ముందే రాసి ఉంది. మనం దాని కుడివైపు ఉన్నాం, పైగా ఎర్ర దీపాలున్నాయి. అది తప్పుకోవాలి. మనం దిశ, వేగం మార్చకుండా పోవాలి. దారిలో ఉన్నాం కాబట్టి మనకి ఏదో అదనపు హక్కుందని మాత్రం కాదు. అదే ఓడ కుడివైపు నుంచి వచ్చుంటే, ఎర్ర దీపాలు లేకుంటే, ఈ దారిలోనే మనం తప్పుకోవాల్సి వచ్చేది.

మార్చకుండా పోవడం ఎంత కష్టమో ఈ రెండు నిమిషాల్లో తెలుస్తుంది నీకు. అందరి చేతులూ ఏదో ఒకటి చెయ్యమంటున్నాయి. ఎడమకి తిప్పితే? ఎడమ నుంచి వచ్చే ఓడకి ఎడమకి తిప్పొద్దని నియమం, అది సరిగ్గా అప్పుడే కుడికి తిప్పితే ఎదురెదురు అవుతాం. కుడికి తిప్పితే? బటామ్ వైపు లోతు తగ్గిపోతుంది, కెప్టెన్ జేబులో కాగితం ఒప్పుకోదు.

03:19. ఒకటీ ముప్పావు మైళ్ళు. "ఒక మైలు దాకా చూస్తాను. తర్వాత నాది నేను చూసుకుంటా. ఇంజన్‌రూమ్‌కి చెప్పి ఉంచు" అంటాడు కెప్టెన్. ఆల్డిస్ దీపం అందుకుని ఆ ఓడ బ్రిడ్జి మీదికి గురిపెట్టి అయిదుసార్లు టకటకా వెలిగిస్తాడు. సెకండ్ మేట్ కొమ్ము నొక్కుతాడు, అయిదు పొట్టి కూతలు. నీ ఉద్దేశం నాకర్థం కావడం లేదు, నువ్వు చాలినంత చెయ్యడం లేదని నాకనుమానం. ఆ అయిదు కూతలకి అంత అర్థం ఉంది.

దాదాపు అదే క్షణంలో చానల్ 14లో ఆ గొంతు. ఇందాకటి మెత్తదనం లేదు. ఆ ఓడ పేరు పెట్టి రెండుసార్లు పిలిచి, "వార్నింగ్" అంటుంది. నీ కుడివైపు లోతైన దారిలో పెద్ద ఓడ, ఢీకొనే ప్రమాదం. జవాబు రాదు. మళ్ళీ పిలుస్తుంది. నువ్వు టైము రాస్తున్నావు, 03:20, అక్షరాలు వంకర పోతున్నాయి.

"సూడు సూడు" అంటాడు ఏబీ.

బైనాక్యులర్స్ పెట్టుకుంటావు. ఆ ఓడకి రెండు తెల్లటి మాస్టు దీపాలు, ముందుది కిందుగా, వెనకది పైగా. ఇంతసేపూ వాటి మధ్య జానెడు ఎడం ఉంది. ఆ ఎడం తగ్గుతోంది. తగ్గి, తగ్గి, ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి. ఆకుపచ్చ పక్కన ఎరుపు వెలిగింది. ఇప్పుడు రెండూ కనపడుతున్నాయి, అంటే దాని ముక్కు నేరుగా మన మీదికి ఉంది. నీ గొంతులో తడారిపోతుంది. కెప్టెన్ మాత్రం ఆల్డిస్ కింద పెట్టేశాడు. మాస్టు దీపాలు అవతలి పక్కకి విచ్చుకోవడం మొదలైంది. పక్క దీపాల్లో ఆకుపచ్చ ఆరిపోయింది, ఎరుపు ఒక్కటే మిగిలింది. అది కుడికి తిరిగి, పడమటికి పోయే ఓడల వరసతో పాటు కాసేపు నడిచి, మన వెనక నుంచి దాటబోతోంది.

"బాగా తిప్పాడు. మనకి కనిపించేలాగా తిప్పాడు" అంటాడు కెప్టెన్. ఈ వృత్తిలో అది పెద్ద మెచ్చుకోలు. అయిదేసి డిగ్రీలు దొంగచాటుగా తిప్పేవాళ్ళని ఆయన క్షమించడు. రాడార్‌లో అవతలివాడికి తెలియని మలుపు తిప్పనట్టే లెక్క.

నాలుగింటికి వాచ్ మారుతుంది. చీఫ్ ఆఫీసర్ వస్తాడు, కెప్టెన్ మాత్రం కదలడు. ఏబీ ఇంకొకడికి చుక్కాని అప్పజెప్పి, దిశ ఎంతో పైకి చెప్పి, కాపలాకి వింగ్ మీదికి పోతాడు. నాలుగున్నరకి పడమటి నుంచి సుమత్రా వచ్చిపడింది. నైరుతి రుతుపవనాల కాలంలో సుమత్రా దీవి మీద పుట్టి తెల్లవారుజామున జలసంధి మీదికి విరుచుకుపడే గాలివానకి ఆ దీవి పేరే పెట్టారు. పది నిమిషాల్లో ఊరూ లేదు, దీపాలూ లేవు. రాడార్ తెర నిండా వాన మరకలు. పెద్ద ఓడలు ఆ మరకల్లోంచి కూడా తేలతాయి, చెక్క పడవలు తేలవు. అవి రిపోర్టూ ఇవ్వవు, వాటికి ఏఐఎస్సూ ఉండదు. పొగమంచు కూత ఆన్ చేస్తారు, రెండు నిమిషాలకి మించకుండా ఒకసారి. ఏబీ వానలో తడుస్తూ వింగ్ మీదే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే, "అద్దం లోపల్నించి ఏటి కనబడతాది?" అన్నాడు.

వాన వెలిసేసరికి చానల్ 10, తూర్పు సెక్టారు. ఎదురుగా హార్స్‌బర్గ్ దీపం. 1851 నుంచి పెద్రా బ్రాంకా అనే చిన్న రాతి మీద నిలబడి ఉంది. ఆ రాయి ఎవరిదన్న తగువు అంతర్జాతీయ న్యాయస్థానం దాకా పోయి, 2008లో సింగపూర్‌కి దక్కింది. దానికి ఈశాన్యంగా కొన్ని మైళ్ళలో, 2017 ఆగస్టు 21 తెల్లవారుజామున 5:24కి అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్ మెకెయిన్ ఆల్నిక్ ఎంసీ అనే ట్యాంకర్ ముందుకి తిరిగిపోయింది. పదిమంది నావికులు చనిపోయారు. చుక్కాని పని చెయ్యడం లేదనుకున్నారు వాళ్ళు. నిజానికి టచ్‌స్క్రీన్ల మీద చుక్కాని అధికారం ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి మారిపోయింది, ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత అమెరికా నౌకాదళం ఇంజన్ వేగానికి మళ్ళీ చేత్తో పట్టుకునే లివర్లే పెట్టాలని నిర్ణయించింది. కెప్టెన్ ఈ కథ చెబుతూ మన చక్రం వైపు చూపించాడు. "దీన్ని ఎవడు పట్టుకున్నాడో గదిలో అందరికీ తెలియాలి. అందుకే వాచ్ మారినప్పుడు వాణ్ని పైకి చెప్పమంటాను."

06:35. హార్స్‌బర్గ్ పక్కకి వచ్చింది. చీఫ్ ఆఫీసర్ చివరి రిపోర్టు ఇస్తాడు, అటు నుంచి "గుడ్ వాచ్" అని వినిపిస్తుంది. కెప్టెన్ ఇంజన్‌రూమ్‌కి ఫోన్ చేసి ఇంకో గంటలో ఫుల్ అవే, అంటే పూర్తి వేగం, అంటాడు. వేగం పెంచడానికి లోతు ఇంకా చాలదు. నీ బెల్ బుక్ తీసుకుని టార్చి వెలుతురులో 03:14 నుంచి 03:26 దాకా వేలు పెట్టి చదివి, సంతకం పెట్టి తిరిగిచ్చాడు.

తర్వాత డ్రాయర్ తెరిచాడు. నిముషంలో సగం సిబ్బంది వెనక డెక్ మీదికి చేరారు, సిగ్నల్ పోయేలోగా అందినంత. ఏబీ తడి చొక్కాతోనే ఫోన్ పట్టుకుని నీ దగ్గరికొచ్చాడు.

"మనకాడ ఇప్పుడు టైమెంత బాబూ?"

"నాలుగు దాటింది అన్నా."

"లేపితే తిడతాది" అంటూనే నంబరు నొక్కాడు. రెండు గీతలే ఉన్నాయి, అవీ ఒకటవుతున్నాయి. అటు ఎత్తారు. "ఆఁ, నేనే... ఏటీ లేదు, సింగపూర్ దాటినాం... నిద్దరేటి, ఇప్పుడే వాచ్ దిగినాను... పెద్దోడి ఫీజు కట్టీసినావా?"